చల్లని పైకప్పు

చల్లని పైకప్పు లేదా కూల్ రూఫ్ అనగా తన మీద పడిన సూర్యరశ్మిలో ఎక్కువ భాగాన్ని పరావర్తనం చేసి, గ్రహించిన కొద్ది వేడిని కూడా త్వరగా బయటకు వెలువరించే భవనపు పైకప్పు. ఉష్ణ దేశాలలో దుకాణాలు, కార్యాలయాలు, ఆసుపత్రులు, కళ్యాణ మండపాలు, గిడ్డంగులు, మిల్లులు మొదలైన వాణిజ్య భవనాలలో విద్యుత్ వినియోగాన్ని తగ్గించుటకు ఇది అన్నింటికంటే సులభమైన మార్గాలలో ఒకటి. పైకప్పు ఎండకు తక్కువగా వేడెక్కితే అది తక్కువగా వ్యాకోచిస్తుంది, తక్కువగా బీటలు వారుతుంది. కావున విద్యుత్ పొదుపు, పైకప్పు మన్నిక అనేవి రెండు వేరు వేరు విషయాలు కావు.

ఆంధ్రప్రదేశ్ మరియు తెలంగాణ రాష్ట్రాలలో ఈ విషయమై హైదరాబాదులో పరిశోధనలు జరిగాయి. 2023లో తెలంగాణ ప్రభుత్వం ప్రత్యేక విధానాన్ని ప్రకటించింది. ఈ వ్యాసంలో ఆ వివరాలతో పాటు, తేమ, ఉప్పుగాలి, తుఫానులు కలిసి ఉండే భీమవరం వంటి గోదావరి డెల్టా పట్టణాలకు ఇవి ఎంతవరకు వర్తిస్తాయో వివరించబడినది.

పనిచేయు విధానం

సూర్యుని నుండి భూమికి చేరే శక్తిలో కంటికి కనిపించే కాంతి సగానికి కొంచెం తక్కువ. మిగిలిన దానిలో అధిక భాగం కంటికి కనిపించని పరారుణ కిరణాలు, కొద్ది భాగం అతినీలలోహిత కిరణాలు. పైకప్పు ఎంత వేడెక్కుతుందనేది ముఖ్యంగా రెండు లక్షణాల మీద ఆధారపడి ఉంటుంది.

• సౌర పరావర్తన: పడిన సూర్యశక్తిలో వెనుకకు పంపబడిన భాగం. దీనిని 0 నుండి 1 వరకు లెక్కిస్తారు. పాత నల్లని తారు పొరకు ఇది 0.05 దగ్గర, బూడిద రంగు కాంక్రీటుకు సుమారు 0.3 దగ్గర, మంచి తెల్లని పూతకు 0.7 నుండి 0.8 వరకు ఉంటుంది.
• ఉష్ణ ఉద్గారత: వేడెక్కిన ఉపరితలం ఆ వేడిని వికిరణ రూపంలో వదిలించుకోగల శక్తి. కాంక్రీటు, సున్నం, పెంకులు, రంగులు దాదాపు అన్నింటికీ ఇది 0.85 నుండి 0.95 మధ్యలో ఉంటుంది. మెరిసే లోహపు రేకుకు మాత్రం చాలా తక్కువ.

రంగు వేయని జింకు రేకు వెండిలా మెరుస్తున్నప్పటికీ మధ్యాహ్నం చేయి పెట్టలేనంతగా కాలుటకు కారణం ఈ రెండవ లక్షణమే. అది కాంతిని బాగానే పరావర్తనం చేసినా, గ్రహించిన వేడిని వదిలించుకోలేదు. అదే రేకు మీద తెల్లని రంగు వేసినచో ఉద్గారత పెరిగి రేకు చల్లబడుతుంది.

ఈ రెండింటినీ కలిపి చెప్పే కొలత సౌర పరావర్తన సూచిక. ప్రామాణిక నల్లని ఉపరితలానికి దీని విలువ 0, ప్రామాణిక తెల్లని ఉపరితలానికి 100.

ఉదాహరణకు, నడి వేసవి మధ్యాహ్నం ఒక చదరపు మీటరు మీద సుమారు 1000 వాట్ల సూర్యశక్తి పడుతుందనుకొనవచ్చు. 1000 చదరపు మీటర్ల పైకప్పు గల ఒక కళ్యాణ మండపం మామూలు కాంక్రీటు రంగులో ఉంటే 700 కిలోవాట్ల శక్తిని గ్రహిస్తుంది. అదే 0.7 పరావర్తన గల తెల్లని పూత ఉంటే 300 కిలోవాట్లు మాత్రమే గ్రహిస్తుంది. గ్రహించిన దానిలో చాలా భాగం తిరిగి గాలిలోకే పోతుంది. మిగిలినది స్లాబు గుండా లోపలికి దిగి, సాయంత్రం తరువాత కూడా గదిని వేడిగా ఉంచుతుంది.

పూర్వపు పైకప్పులు

గోదావరి జిల్లాలలో పూర్వం ఇళ్లకు తాటాకు, ఆ తరువాత గూన పెంకులు, బంగాళా పెంకులు ఎక్కువగా వాడేవారు. తాటాకులో చిక్కుకున్న గాలి వేడిని ఆపుతుంది. పెంకుల సందుల గుండా వేడిగాలి పైకి పోతుంది. మండువా లోగిళ్లలో నడుమ ఉన్న తెరపి కూడా ఇదే పని చేసేది. అయితే తాటాకు కప్పులకు అగ్ని భయము, పెంకులకు గాలివాన భయము ఉండేవి.

సంపన్నుల మేడలకు, కచేరీలకు మద్రాసు మిద్దె అనే పద్ధతి వాడుకలో ఉండేది. టేకు దూలాల మీద సన్నని ఇటుకలను నిలువుగా పేర్చి సున్నంతో కట్టి, దానిపై ఇటుక ముక్కలు కలిపిన సున్నపు కాంక్రీటు పరచి, చెక్క బద్దలతో రోజుల తరబడి కొట్టి గట్టిపరచేవారు. సున్నంలో కరక్కాయ, బెల్లం నీరు కలిపేవారు. ఇటువంటి పొర నీటిని ఆపుటతో పాటు వేడిని కూడా కొంత ఆపేది. సున్నపు కాంక్రీటు పరచే పద్ధతికి భారత ప్రమాణాల సంస్థ ప్రమాణం, ఐ.ఎస్. 3036, కూడా ఉన్నది.

సిమెంటు స్లాబులు వచ్చిన తరువాత ఈ పొర చాలా చోట్ల మానివేయబడినది. పై పొర లేని 150 మిల్లీమీటర్ల స్లాబు వేడిని పెద్దగా ఆపలేదు.

గోదావరి డెల్టాలో పరిస్థితి

భీమవరం పశ్చిమ గోదావరి జిల్లాలోని ప్రధాన వాణిజ్య పట్టణం. 2022 ఏప్రిల్ 4న జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణలో జిల్లా కేంద్రమైనది. వరి, చేపలు, రొయ్యలు ఇక్కడి ముఖ్య ఉత్పత్తులు. అందువలన పట్టణములోను, చుట్టుపక్కల ఉండి, ఆకివీడు, పాలకొల్లు, నరసాపురం ప్రాంతాలలోను మూడు రకాల వాణిజ్య పైకప్పులు కనిపిస్తాయి.

1. కాంక్రీటు స్లాబులు: దుకాణాలు, బ్యాంకులు, ఆసుపత్రులు, లాడ్జీలు, కళాశాలలు, కళ్యాణ మండపాలు.
2. లోహపు లేదా సిమెంటు రేకులు: బియ్యం మిల్లులు, ధాన్యం గోదాములు, మేత గిడ్డంగులు, కార్ఖానాలు.
3. నురుగు పలకలు: రొయ్యల శుద్ధి కర్మాగారాలు, శీతల గిడ్డంగులు. రెండు రేకుల నడుమ పాలీయురేథేన్ నురుగు నింపిన వీటిని వాడుకలో పఫ్ ప్యానెళ్లు అంటారు.

జాతీయ భవన నిబంధనావళి ప్రకారం కోస్తా ఆంధ్ర ఉష్ణ తేమ మండలంలోకి వస్తుంది. ఇక్కడ మే నెలలో పగటి ఉష్ణోగ్రత తరచుగా 40 డిగ్రీల సెంటీగ్రేడు సమీపానికి చేరుతుంది. గాలిలో తేమ వలన చెమట ఆరదు, రాత్రులు కూడా తగినంత చల్లబడవు. 2015 మే నెలలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలలో వడగాడ్పుల వలన వెయ్యి మందికి పైగా మరణించారు. రేకుల కప్పు కింద బస్తాలు మోసే హమాలీలకు, యంత్రాల దగ్గర పనిచేసేవారికి పైకప్పు వేడి అనేది విద్యుత్ బిల్లు సమస్య కాదు, ఆరోగ్య సమస్య. అటువంటి చోట్ల ఎయిర్ కండిషనర్లు ఉండవు కనుక తెల్లని పూత వలన వచ్చే లాభం యూనిట్లలో కాక పనివారి శరీరం మీద కనిపిస్తుంది.

పైకప్పును పాడుచేసే కారణాలు కూడా ఇక్కడ ఎక్కువే. నైరుతి ఋతుపవనాల వానలు జూన్ నుండి సెప్టెంబరు వరకు, ఆ తరువాత అక్టోబరు, నవంబరు నెలలలో తుఫాను వానలు కురుస్తాయి. సముద్రపు గాలిలో ఉప్పు ఉంటుంది. అనేక చోట్ల భూగర్భ జలం ఉప్పగా ఉంటుంది. ఊక కాల్చే మిల్లుల బాయిలర్ల నుండి వచ్చే బూడిద చుట్టుపక్కల డాబాల మీద పడుతుంది. వానాకాలంలో పాచి పడుతుంది. ఈ రెండూ తెల్లని పూతకు శత్రువులు.

చల్లని పైకప్పు రకాలు

• సున్నపు పూత: అన్నింటికంటే చవకైనది. సున్నం నానబెట్టి, వడగట్టి, జిగురు కలిపి రెండు మూడు చేతులు వేస్తారు. పరావర్తన బాగుంటుంది, కాని వానలకు కొట్టుకొనిపోతుంది. ఏటా వేసవికి ముందు మరల వేయాలి. నీటి కారుడును ఇది ఆపదు.
• సాగే గుణం గల ఆక్రిలిక్ పూతలు: తెల్లని రంగు పదార్థంతో పాటు సాగే రెసిన్ ఉండుట వలన సన్నని బీటలను కప్పగలవు. కొన్ని సంవత్సరాలు మన్నుతాయి. నీరు నిలిచే చోట ఊడిపోతాయి.
• తెల్లని పలకలు మరియు పింగాణీ ముక్కలు: విరిగిన తెల్లని పింగాణీ పలకలను సిమెంటు గచ్చులో పొదుగుతారు. మనుషులు తిరిగే డాబాలకు అనువైనది, దీర్ఘకాలం మన్నుతుంది. కాని బరువు ఎక్కువ, సందులను జాగ్రత్తగా నింపాలి.
• తెల్లని పొరలు: పి.వి.సి. వంటి ప్లాస్టిక్ పొరలను పరచి అతుకులను వేడితో అతికిస్తారు. విశాలమైన పైకప్పులకు వాడతారు. అతుకు పనిలో నైపుణ్యం ముఖ్యం.
• ముందే రంగు వేసిన రేకులు: కొత్త షెడ్లకు ముదురు నీలం, ఎరుపు, ఆకుపచ్చ రంగులకు బదులుగా తెలుపు లేదా లేత రంగు రేకును ఎన్నుకొనుట వలన అదనపు ఖర్చు దాదాపు ఉండదు.

ఉష్ణ నిరోధక పొర

తెల్లని పూత వేడిని పైనే తిప్పిపంపుతుంది. ఉష్ణ నిరోధక పొర లోపలికి దిగే వేడిని ఆపుతుంది. ఎయిర్ కండిషనర్లు రోజంతా నడిచే భవనాలకు రెండూ అవసరం.

పైకప్పు గుండా వేడి ఎంత తేలికగా ప్రసరిస్తుందో చెప్పే కొలతను యు-విలువ అంటారు. ఒక చదరపు మీటరు పైకప్పుకు రెండు వైపులా ఒక డిగ్రీ తేడా ఉన్నప్పుడు ఎన్ని వాట్ల వేడి ప్రసరిస్తుందో ఇది తెలుపుతుంది. పై పొర లేని 150 మి.మీ. కాంక్రీటు స్లాబుకు ఇది సుమారు 3.3. దాని మీద 0.035 ఉష్ణ వాహకత గల 100 మి.మీ. పాలీస్టైరీన్ పలకలు పరిస్తే విలువ సుమారు 0.32కు దిగుతుంది. అనగా ప్రసరించే వేడి దాదాపు పదవ వంతు అవుతుంది.

నిరోధక పొరను స్లాబు పైన వేయుట మేలు. అట్లు చేసినచో స్లాబు కూడా ఎండ నుండి కాపాడబడుతుంది. గది లోపల ఫాల్స్ సీలింగ్ పైన వేస్తే గది చల్లబడుతుంది గాని స్లాబు మాత్రం ఎప్పటివలె కాలుతూనే ఉంటుంది. నీటి నిరోధక పొర పైన, తడిని పీల్చని పలకలు పరచి, వాటి మీద లేత రంగు పలకలు అమర్చే పద్ధతిలో నీటి నిరోధక పొరకు కూడా ఎండ తగలదు కావున అది ఎక్కువ కాలం మన్నుతుంది.

శీతల గిడ్డంగులలో లోపల మైనస్ 18 డిగ్రీలు లేదా అంతకు తక్కువ, బయట 40 డిగ్రీల వరకు ఉంటుంది. ఇక్కడ గాలిలోని తేమ బయట నుండి లోపలికి చొచ్చుకుపోవుటకు ప్రయత్నిస్తుంది. కనుక ఆవిరిని ఆపే పొర బయటి వైపు ఉండాలి. పలకల అతుకులలో సందు ఉంటే తేమ లోపల మంచుగా గడ్డకట్టి నురుగు పనికిరాకుండా పోతుంది.

హైదరాబాదులో జరిగిన పరిశోధనలు

అమెరికాకు చెందిన లారెన్స్ బర్కిలీ జాతీయ ప్రయోగశాల మరియు హైదరాబాదులోని అంతర్జాతీయ సమాచార సాంకేతిక విజ్ఞాన సంస్థ, అనగా ట్రిపుల్ ఐటీ, పరిశోధకులు హైదరాబాదు ప్రాంతంలోని వాణిజ్య భవనాల మీద తెల్లని పూత వేసి విద్యుత్ వినియోగాన్ని కొలిచారు. ఫలితాలు 2012లో ఒక అంతర్జాతీయ పత్రికలో ప్రచురింపబడినవి. వాటి సారాంశం ఈ క్రింది విధముగా ఉన్నది.

• నల్లని పైకప్పును తెల్లగా మార్చినప్పుడు చదరపు మీటరుకు సంవత్సరానికి 20 నుండి 22 యూనిట్ల ఆదా, అనగా శీతలీకరణకు వాడే విద్యుత్తులో 14 నుండి 26 శాతం.
• పూత లేని మామూలు కాంక్రీటును తెల్లగా మార్చినప్పుడు 13 నుండి 14 యూనిట్ల ఆదా, అనగా 10 నుండి 19 శాతం.

రెండవ లెక్క ప్రకారం 500 చదరపు మీటర్ల కాంక్రీటు డాబాకు ఏటా 6500 నుండి 7000 యూనిట్లు మిగులుతాయి. ఈ అంకెలు హైదరాబాదు వాతావరణంలో, పగటిపూట ఎయిర్ కండిషనర్లు నడిచే భవనాలకు చెందినవి. డెల్టాలో ఎయిర్ కండిషనర్లు గాలిలోని తేమను తీయుటకు కూడా విద్యుత్తును ఖర్చుచేస్తాయి. ఆ భాగాన్ని పైకప్పు రంగు తగ్గించలేదు. కావున ఇవే శాతాలు భీమవరంలో వస్తాయని అనుకొనరాదు.

2017లో హైదరాబాదులోని దేవరకొండ బస్తీలో 25 పేదల ఇళ్లకు ప్రయోగాత్మకంగా తెల్లని పాలిథిలీన్ పొరను పరచారు. అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజ్ ఆఫ్ ఇండియా, ట్రిపుల్ ఐటీ, ఎన్.ఆర్.డి.సి. అనే అంతర్జాతీయ పర్యావరణ సంస్థ, హైదరాబాదు మహానగర పాలక సంస్థ ఇందులో పాల్గొన్నాయి. ఆ ఇళ్లలో గాలి ఉష్ణోగ్రత సగటున 2 డిగ్రీలు తగ్గినట్లు తేలింది.

చట్టాలు, నిబంధనలు

భారతదేశంలో 2001 నాటి ఇంధన పొదుపు చట్టం క్రింద 2007లో వాణిజ్య భవనాల ఇంధన పొదుపు నియమావళి, అనగా ఈ.సి.బి.సి., వెలువడినది. 2017లో దీనిని సవరించారు. 2017 నియమావళి ప్రకారం సౌర ఫలకలు లేదా ఇతర పరికరాలు లేని పైకప్పు భాగం చల్లని పైకప్పుగా గాని, మొక్కలు గల పైకప్పుగా గాని ఉండాలి. 20 డిగ్రీల కంటే తక్కువ వాలు గల పైకప్పులకు ప్రారంభ సౌర పరావర్తన 0.60కు, ఉద్గారత 0.90కు తగ్గరాదు. నియమావళిని పాటించే అత్యధిక రకాల భవనాలకు పైకప్పు యు-విలువ 0.33కు మించరాదు.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2014 జనవరిలో ఈ నియమావళిని రాష్ట్రానికి అనుగుణంగా మార్చి ప్రకటించినది. 1000 చదరపు మీటర్ల స్థలం లేదా 2000 చదరపు మీటర్ల నిర్మిత వైశాల్యం గల వాణిజ్య భవనాలను దీని పరిధిలోకి తెచ్చారు. చిన్న పట్టణాలలోని అనేక దుకాణాలు, పాత భవనాలు ఇంతకంటే చిన్నవి. వాటి విషయంలో నిర్ణయం యజమానిదే.

తెలంగాణ ప్రభుత్వం 2023 ఏప్రిల్ 3న 2023-2028 కాలానికి చల్లని పైకప్పుల విధానాన్ని ప్రకటించింది. దేశంలో ఒక రాష్ట్రం ఇటువంటి ప్రత్యేక విధానాన్ని తీసుకొనివచ్చుట ఇదే మొదలు. దీని ప్రకారం ప్రభుత్వ భవనాలకు, వాణిజ్య భవనాలకు వైశాల్యంతో నిమిత్తం లేకుండా చల్లని పైకప్పు తప్పనిసరి. నివాస భవనాలలో 600 చదరపు గజాలు, ఆపైన స్థలం గల వాటికి తప్పనిసరి, అంతకు తక్కువైన వాటికి ఐచ్ఛికం. మొత్తం 300 చదరపు కిలోమీటర్ల చల్లని పైకప్పులను లక్ష్యంగా పెట్టుకొన్నారు. ఇందులో 200 చదరపు కిలోమీటర్లు హైదరాబాదుకు చెందినవి.

మన్నిక

వాలు మరియు నీటి పారుదల

కారే స్లాబు మీద తెల్లరంగు వేసినంత మాత్రాన అది బాగుపడదు. ముందుగా నీరు నిలవకుండా చేయాలి. సాధారణంగా 100కి 1 వంతు వాలు, అనగా 10 మీటర్ల పొడవుకు 10 సెంటీమీటర్లు, ఉండాలి. తూములు ఆకులతో, బూడిదతో మూసుకొనిపోకుండా ఋతుపవనాలకు ముందు, తిరిగి తుఫానుల కాలానికి ముందు శుభ్రం చేయాలి. ఎక్కువ కారుళ్లు స్లాబు నడుమ కాక పిట్టగోడ మొదట్లో, తూముల చుట్టూ, గొట్టాలు స్లాబును చీల్చుకొని వచ్చే చోట, నీళ్ల ట్యాంకుల కింద మొదలవుతాయి. స్లాబు, పిట్టగోడ కలిసే మూలను గచ్చుతో గుండ్రంగా పూడ్చి, నీటి నిరోధక పొరను గోడ మీదికి కూడా ఎక్కించాలి. పని పూర్తయిన తరువాత తూములు మూసి 25 నుండి 50 మి.మీ. లోతు నీరు 48 గంటలు నిలిపి పరీక్షిస్తారు.

ఎండకు వ్యాకోచం

30 మీటర్ల పొడవు గల స్లాబు ఉష్ణోగ్రత 30 డిగ్రీలు పెరిగితే అది సుమారు 9 మి.మీ. సాగుతుంది. అదే పొడవు గల ఉక్కు రేకు 40 డిగ్రీల తేడాకు సుమారు 14 మి.మీ. సాగుతుంది. రోజూ జరిగే ఈ సాగుడు, ముడుచుకొనుట వలన పిట్టగోడల కింద బీటలు వస్తాయి, రేకుల మేకుల చుట్టూ రంధ్రాలు పెద్దవవుతాయి. 45 మీటర్లకు మించిన పొడవు గల కట్టడాలకు వ్యాకోచ సందులు అవసరమని ఐ.ఎస్. 456 చెబుతుంది. పైకప్పును చల్లగా ఉంచినచో ఈ కదలిక తగ్గుతుంది.

చువ్వల తుప్పు

డెల్టాలో స్లాబులు పెచ్చులూడుటకు ముఖ్య కారణం ఇనుప చువ్వలకు తుప్పు పట్టుట. తుప్పు ఇనుము కంటే ఎక్కువ చోటు ఆక్రమించి కాంక్రీటును పగులగొడుతుంది. ఉప్పు నీటితో కాంక్రీటు కలిపినా, క్యూరింగ్ చేసినా ఈ ముప్పు స్లాబుతోనే పుడుతుంది. ఐ.ఎస్. 456 ప్రకారం ఇనుము గల కాంక్రీటుకు వాడే నీటిలో క్లోరైడ్లు లీటరుకు 500 మిల్లీగ్రాములకు మించరాదు. సముద్ర తీర వాతావరణానికి నేరుగా గురయ్యే కాంక్రీటును తీవ్ర పరిస్థితిగా పరిగణించి కనీసం ఎం-30 కాంక్రీటు, చువ్వల మీద 45 మి.మీ. కాంక్రీటు కప్పు ఉండాలని అదే ప్రమాణం సూచిస్తుంది. పెచ్చులూడిన చోట తుప్పును తొలగించి మరమ్మత్తు చేయకుండా పైన పూత వేసినచో జబ్బును కప్పిపెట్టినట్లే అవుతుంది.

అదనపు బరువు

కారుడు ఆపుటకు పాత పొర మీదనే మరొక పొర వేయుట సర్వసాధారణమైన పొరపాటు. 100 మి.మీ. ఇటుక ముక్కల కాంక్రీటు చదరపు మీటరుకు సుమారు 190 కిలోల బరువు ఉంటుంది. మనుషులు తిరిగే డాబాలను సాధారణంగా చదరపు మీటరుకు 150 కిలోల చలన భారానికి మాత్రమే రూపొందిస్తారు. కావున మందమైన పొరలు, పైకప్పు తోటలు, పెద్ద ట్యాంకులు పెట్టుటకు ముందు స్ట్రక్చరల్ ఇంజనీరు చేత లెక్క చూపించుకోవాలి. పూతలకు, పలుచని పొరలకు ఈ ఇబ్బంది ఉండదు.

గాలి తాకిడి

భారత ప్రమాణాల ప్రకారం ఈ తీర ప్రాంతానికి ప్రాథమిక గాలి వేగం సెకనుకు 50 మీటర్లుగా తీసుకొంటారు. ఐ.ఎస్. 875 మూడవ భాగం 2015 సవరణ ప్రకారం తూర్పు తీరం నుండి 60 కిలోమీటర్ల లోపు ఉండే పారిశ్రామిక కట్టడాలకు అదనపు గుణకం వర్తిస్తుంది. భీమవరం ఈ పరిధిలోనే ఉన్నది. గాలి రేకును నొక్కదు, పైకి పీకుతుంది. ఈ లాగుడు అంచులలో, మూలలలో, కొప్పు వద్ద అత్యధికం. కనుక ఆ చోట్ల స్క్రూలు దగ్గర దగ్గరగా ఉండాలి. 1996 నవంబరు 6న కోనసీమను తాకిన తుఫాను ఈ ప్రాంతంలో ఇళ్లకు, తోటలకు అపార నష్టం కలిగించినది.

పరిమితులు

• తెల్లని పూత పరావర్తనలో ఎక్కువ తగ్గుదల మొదటి ఒకటి రెండు సంవత్సరాలలోనే జరుగుతుంది. దుమ్ము, బూడిద, పాచిని నీటితో కడిగితే చాలా భాగం తిరిగి వస్తుంది. ఏటా ఒకసారి, వేసవికి ముందు, కడగవలెను.
• పైకప్పు వలన లాభం పొందేది దాని కింద ఉన్న అంతస్తు మాత్రమే. ఒకే అంతస్తు గల విశాలమైన భవనాలకు లాభం ఎక్కువ, ఐదంతస్తుల భవనానికి మొత్తం మీద తక్కువ.
• పడమటి గోడలు, అద్దాల నుండి వచ్చే వేడిని ఇది ఆపదు.
• నిరోధక పొర లేని రేకులు రాత్రివేళ ఆకాశానికి వేడిని వదిలి గాలి కంటే చల్లబడి, అడుగున చెమ్మ పడుతుంది. ధాన్యం, బియ్యం నిల్వచేసే చోట ఇది నష్టకరం. గాలి ప్రసరణ, అడుగున నిరోధక పొర అవసరం.
• తెల్లని డాబా మీది వెలుగు పక్కన ఉన్న ఎత్తైన భవనాల వారి కళ్లకు ఇబ్బంది కలిగించవచ్చును.

సౌర ఫలకలు, పైకప్పు తోటలు

ఒక కిలోవాటు సౌర ఫలకలకు సుమారు 10 చదరపు మీటర్ల నీడ లేని చోటు కావాలి. ఫలకలు పైకప్పుకు నీడనిస్తాయి. అయితే ఫలకలు ఇరవై ఐదేళ్ల వరకు పనిచేస్తాయి. కింది నీటి నిరోధక పొర అంతకాలం మన్నకపోతే మధ్యలో ఫలకలను దించవలసి వస్తుంది. కనుక ముందు పైకప్పును బాగుచేసి, ఆ తరువాత ఫలకలు బిగించుట మంచిది. బిగింపు స్తంభాల కోసం నీటి నిరోధక పొరకు రంధ్రాలు చేయకుండా చూడాలి.

పైకప్పు తోటలకు ప్రసిద్ధ ఉదాహరణ హైదరాబాదులోని సి.ఐ.ఐ. సొహ్రాబ్జీ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్. అమెరికా వెలుపల లీడ్ ప్లాటినం గుర్తింపు పొందిన మొట్టమొదటి భవనమైన దీనిని 2004లో అప్పటి రాష్ట్రపతి ఏ.పి.జె. అబ్దుల్ కలామ్ ప్రారంభించారు. దీని పైకప్పులో సగానికి పైగా తోటతో కప్పబడి ఉన్నది. తోటలకు వేసవిలో నీరు అవసరం. తాగునీటికి కాలువ నీటి చెరువుల మీద ఆధారపడే డెల్టా పట్టణాలలో ఈ విషయాన్ని కూడా గమనించవలెను.

ఇవి కూడా చూడండి

• భీమవరం
• పశ్చిమ గోదావరి జిల్లా
• పెంకుటిల్లు
• సున్నము
• సౌర శక్తి
• వడదెబ్బ